నల్లగొండ, పాలమూరు పోలీసు వ్యవస్థ: తరచుగా అడిగే ప్రశ్నలు

మన దిక్కు ఠాణాకు పోవాల్సి వస్తే ఇప్పటికీ చాలామంది వెంట ఒక పెద్దమనిషిని తీసుకుపోతారు. లోపల ఎవరిని కలవాలి, ఎవరు ఎవరి కింద పనిచేస్తారు, ఇక్కడ కాదంటే పైన ఎవరున్నారు అన్నది తెలియకపోవడం దానికి ఒక కారణం. రెండో కారణం ఠాణా అంటే ఉన్న బెరుకు. అది పాతది, మూడు నాలుగు తరాల నుంచి వస్తున్నది. ఈ రెండింటినీ విడదీసి చెప్పలేం కాబట్టి చరిత్ర, నేటి పద్ధతి కలిపే రాస్తున్నాను. పెద్దమనిషి అవసరం లేకుండా ఎవరి కాయితం వాళ్ళే పట్టుకుని పోగలగాలన్నది నా కోరిక.

మన జిల్లాల్లో పోలీసు శాఖ ఎప్పుడు మొదలైంది?

1860ల మధ్యలో. నిజాం ప్రధానమంత్రి మొదటి సాలార్ జంగ్ 1865లో జిల్లాబందీ తెచ్చి రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విడగొట్టాడు. ఆ వెంటే రెవెన్యూ నుంచి వేరుచేసి పోలీసుకు ఒక శాఖ ఏర్పాటైంది. జిల్లాకు ఒక మొహతమీం, తాలూకాకు ఒక అమీన్, వాళ్ళ కింద జమేదార్లు, జవాన్లు. అంతకు ముందు పన్ను వసూలు చేసేవాడే శాంతిభద్రతలూ చూసేవాడు. ఎవరి దగ్గర బలగం ఉంటే వాళ్ళదే చట్టంగా నడిచేది.

అప్పుడే ఇంకో ముఖ్యమైన సంగతి జరిగింది. హైదరాబాదు నగరానికి కొత్వాల్ (నగర పోలీసు పెద్ద) వేరుగా, జిల్లాల పోలీసు వేరుగా ఉండిపోయాయి. నగరానికి కమిషనర్, జిల్లాకు ఎస్పీ (జిల్లా పోలీసు పెద్ద) అని ఈనాడు మనం చూసే తేడాకు మూలం అదే.

పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలో, పరిస్థితి ఇంకా చిక్కుగా ఉండేది. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలపేట సంస్థానాలన్నీ ఈ జిల్లాలోనే ఉన్నాయి. పెద్ద సంస్థానాలు తమ పోలీసును తామే నడుపుకునేవి. దొంగ ఒక హద్దు దాటితే ఇంకో దొర ఇలాకాలోకి పోయినట్టే. 1949లో జాగీర్లు రద్దయ్యాకే ప్రభుత్వ పోలీసు అన్ని ఊళ్ళకూ ఒకటైంది.

మా తాతల నాటి కాయితాల్లో 1329 ఫస్లీ, 1348 ఫస్లీ అని ఉంది. అవి ఏ సంవత్సరాలు?

ఫస్లీ అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం. దానికి 590 కలపండి, దాదాపుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1329 ఫస్లీ అంటే 1919–20. 1348 ఫస్లీ అంటే 1938–39. ఈ రెండు సంవత్సరాలకూ పోలీసుతో సంబంధం ఉంది. తెలంగాణ ప్రాంత జిల్లా పోలీసు చట్టం 1329 ఫస్లీ నాటిది, హైదరాబాదు నగర పోలీసు చట్టం 1348 ఫస్లీ నాటిది. ఇవి పాతపడిన పేర్లేం కావు, నేటి ఉత్తర్వుల్లోనూ, కోర్టు తీర్పుల్లోనూ కనిపిస్తుంటాయి.

కొత్వాల్ వెంకటరామారెడ్డి పాలమూరు వారేనా?

అవును. 1869లో వనపర్తి సంస్థానం ప్రాంతంలో పుట్టారు. అమీన్‌గా ఉద్యోగంలో చేరి, జిల్లాల్లో పనిచేసి, 1920లో హైదరాబాదు నగర కొత్వాల్ అయ్యారు. 1934 దాకా ఆ పదవిలో ఉన్నారు. నిజాం ఆయనకు రాజా బహద్దూర్ బిరుదు ఇచ్చాడు. పల్లెల నుంచి చదువుకు వచ్చే పిల్లల కోసం 1918లో రెడ్డి హాస్టల్ మొదలు కావడంలో ఆయన పాత్ర పెద్దది. ఆ హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళలో చాలామంది తర్వాత అదే నిజాం పాలనపై ఉద్యమాల్లోకి పోయారు. నేడు తెలంగాణ పోలీసు అకాడమీకి ఆయన పేరే ఉంది. పాలమూరు నుంచి ఎంపికైన ప్రతి ఎస్సైకీ తమ జిల్లా మనిషి పేరున్న గేటు లోపలే శిక్షణ. ఈ సంగతి మన బడి పిల్లలకు చెప్పాల్సినంతగా చెప్పడం లేదని నాకు బాధ.

పోలీసు పటేల్ అంటే పోలీసేనా?

కాదు. ఊళ్ళో ముగ్గురు వతన్‌దారులు, అంటే గ్రామాధికారులు, ఉండేవారు. శిస్తు వసూలుకు మాలీ పటేల్, లెక్కలకు పట్వారీ, నేరాల కబురుకు పోలీసు పటేల్. ఈ పదవులు తండ్రి నుంచి కొడుకుకు వచ్చేవి. ఊళ్ళో దొంగతనమైనా, శవం దొరికినా, కొత్త మనిషి కనిపించినా ఠాణాకు కబురు చేయాల్సింది పోలీసు పటేలే. ఆయన చేతి కింద సేత్‌సింధీలు (ఊరి సేవకులు) తిరిగేవారు. యూనిఫారం లేదు, జీతం నామమాత్రం, పెత్తనం మాత్రం అంతా ఇంతా కాదు.

మనవాళ్ళకు ఠాణా అంటే ఉన్న బెరుకు ఇక్కడే పుట్టిందని నేను అనుకుంటాను. ఠాణా దూరంగా తాలూకాలో ఉండేది, దాని నీడ మాత్రం పోలీసు పటేల్ రూపంలో ఊళ్ళోనే ఉండేది. ఆయనకు చెప్పకుండా, ఆయన సరేననకుండా ఫిర్యాదు ఊరు దాటేది కాదు. ఫిర్యాదు ఆయన మీదో, ఆయన చుట్టాల మీదో అయితే ఇక చెప్పనక్కరలేదు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఈ గ్రామాధికారుల పదవులన్నీ రద్దు చేసింది. మరుసటి ఏడు మండలాలు వచ్చి ఆఫీసులు ఊళ్ళకు దగ్గరయ్యాయి. పదవి పోయి నలభై ఏళ్ళు దాటినా, ‘ముందు పెద్దమనిషికి చెప్పి తర్వాత స్టేషన్‌కు పోదాం’ అనే అలవాటు ఇంకా పోలేదు.

సాయుధ పోరాట కాలంలో నల్లగొండలో పోలీసు ఎవరి పక్షాన ఉంది?

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి) మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. ఆ ఊరు అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. అప్పటి పోలీసు దేశ్‌ముఖుల వైపు నిలబడిందన్నది ఈ జిల్లాలో ప్రతి పాత ఊరూ చెప్పే మాట. తర్వాత నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు ఊళ్ళ మీద పడ్డప్పుడు జనాన్ని కాపాడాల్సినవాళ్ళు కాపాడలేదు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యం మీదికి కదిలింది. విజయవాడ వైపు నుంచి వచ్చిన దళం సూర్యాపేట దారినే హైదరాబాదుకు నడిచింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. జరిగింది సైనిక చర్యే అయినా ‘పోలీసు చర్య’ అన్న పేరు ఉండిపోయింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక గవర్నరుగా వచ్చాడు, బయటి రాష్ట్రాల నుంచి పోలీసులను రప్పించారు. అయితే నల్లగొండకు అక్కడితో ప్రశాంతత రాలేదు. కమ్యూనిస్టు దళాల మీద గాలింపులు 1951 అక్టోబరులో పోరాటం విరమించే వరకు సాగాయి. నిజాం పోలీసు, రజాకారు, ఆ తర్వాత భాష రాని బయటి బలగాలు... ఐదేళ్ళలో ఇన్ని తుపాకులు చూసిన జిల్లా ఇది. మన ముసలివాళ్ళు ఖాకీ బట్టను చూసే చూపును ఆ ఐదేళ్ళు తెలియకుండా తప్పుపట్టకూడదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు రాష్ట్ర పోలీసు, ఆంధ్ర పోలీసు ఒకే శాఖ అయ్యాయి. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ పోలీసు.

ఖమ్మానికి, కరీంనగర్‌కు కమిషనర్ ఉన్నారు. నల్లగొండకు, మహబూబ్‌నగర్‌కు ఎందుకు లేరు?

2016లో కొత్త జిల్లాలతో పాటు కరీంనగర్, రామగుండం, నిజామాబాద్, ఖమ్మం, సిద్దిపేటలకు కమిషనరేట్లు ఇచ్చారు. మనకు ఎస్పీ పద్ధతే కొనసాగింది. దీన్ని చిన్నచూపుగా భావించేవాళ్ళున్నారు. నేను అలా అనుకోను.

కమిషనరేట్‌లో కొన్ని మేజిస్ట్రేటు అధికారాలు కూడా కమిషనర్ చేతికే వస్తాయి. గుంపులు కూడకుండా నిషేధం పెట్టడం, గొడవలు చేస్తారనుకున్నవాళ్ళ దగ్గర పూచీకత్తు తీసుకోవడం లాంటివి. ఎస్పీ ఉన్న జిల్లాలో ఆ అధికారాలు కలెక్టర్, ఆర్డీవో, తహసీల్దారు దగ్గర ఉంటాయి. అంటే పోలీసు అడగాలి, రెవెన్యూ అధికారి ఒప్పుకోవాలి. పట్టుకునేవాళ్ళు ఒకరు, ఉత్తర్వు ఇచ్చేవాళ్ళు ఇంకొకరు. చేతిలో అధికారం లేనివాళ్ళకు ఆ మధ్య సందు చాలా అవసరం.

బైండోవర్ చేస్తామని మా అన్నను తహసీల్దారు ఆఫీసుకు తీసుకుపోయారు. ఇది అరెస్టా?

కాదు. పైన చెప్పిన పద్ధతి కళ్ళకు కనిపించేది ఇక్కడే. ఎన్నికలు, గణేశ్ నిమజ్జనం, ఊరి కొట్లాటల ముందు పోలీసులు కొందరిని తహసీల్దారు ముందు హాజరుపరిచి, ఫలానా కాలం వరకు గొడవ చేయనని పూచీకత్తు రాయిస్తారు. నేరం రుజువైనట్టు కాదు, శిక్ష కాదు. కానీ ఆ గడువు లోపల మాట తప్పితే రాసిచ్చిన మొత్తం కట్టాల్సి రావచ్చు, జైలుకూ పోవాల్సి రావచ్చు. సంతకం పెట్టే ముందు ఎంత మొత్తం, ఎన్ని నెలలు అన్నది చదివించుకుని వినండి. ‘జిల్లాలో 30 పోలీస్ యాక్ట్ అమలు’ అని పేపర్లో వచ్చే వార్త దీనికి సంబంధించింది కాదు. అది 1861 పోలీసు చట్టంలోని సెక్షను, ఊరేగింపులకు, సభలకు ముందస్తు అనుమతి తీసుకోవాలని దాని అర్థం.

ఎస్సై పెద్దా, సీఐ పెద్దా? మా స్టేషన్‌కు ఎస్సై ఉన్నారు, టౌన్‌లో సీఐ ఉన్నారు.

సీఐ పెద్ద. కింది నుంచి చెబితే కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై, ఎస్సై, ఇన్‌స్పెక్టర్ అంటే సీఐ, డీఎస్పీ, అదనపు ఎస్పీ, ఎస్పీ. కమిషనరేట్‌లో డీఎస్పీ స్థాయి అధికారిని ఏసీపీ అంటారు.

మండల స్టేషన్‌కు సాధారణంగా ఎస్సై బాధ్యుడు. అలాంటి రెండు మూడు స్టేషన్లు కలిసి ఒక సర్కిల్, దాని మీద సీఐ. నల్లగొండ, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ లాంటి పట్టణాల్లో వన్‌టౌన్, టూటౌన్ స్టేషన్లకు ఇన్‌స్పెక్టరే బాధ్యుడుగా ఉంటారు. కొన్ని సర్కిళ్ళు కలిసి సబ్‌డివిజన్, దానికి డీఎస్పీ. నల్లగొండ జిల్లాలో నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ సబ్‌డివిజన్లు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కేసును డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలన్నది నియమం. ఆ కేసు పెట్టినవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

స్టేషన్ లోపలికి పోతే ఎవరిని కలవాలి?

గుమ్మం దగ్గర రిసెప్షన్ బల్ల ఉంటుంది, చాలాచోట్ల మహిళా కానిస్టేబుల్ కూర్చుంటారు. దరఖాస్తు అక్కడ ఇవ్వాలి. లోపల రిజిస్టర్ల నడుమ కూర్చునే మనిషి రైటర్. స్టేషన్ కాయితం పనంతా ఆయన చేతి మీదుగానే నడుస్తుంది. జనరల్ డైరీ అని ఒకటి ఉంటుంది, అందులో గంట గంటకు జరిగింది ఎక్కుతుంది. ఎవరు డ్యూటీకి వచ్చారు, ఎవరు గస్తీకి పోయారు, ఏ ఫిర్యాదు వచ్చింది, ఎవరిని తెచ్చారు, ఎన్నింటికి. ఏ గొడవలోనైనా తర్వాత కోర్టు ముందు నిలబడే కాయితం ఇది. పట్టుకున్న వస్తువులు ఉంచే గది మాల్‌ఖానా. కోర్టుకు కాయితాలు మోసే కానిస్టేబుల్‌ను కోర్టు కానిస్టేబుల్ అంటారు. కేసు వాయిదా తేదీ కావాలంటే ఎస్సై కంటే ఆయన్ను అడగడమే తేలిక.

ఏఆర్, బెటాలియన్, హోంగార్డు, ఎక్సైజ్... అందరూ ఒకటేనా?

కాదు. ఏఆర్ అంటే జిల్లా సాయుధ బలగం. ఖైదీల ఎస్కార్టు, గార్డు, బందోబస్తు వాళ్ళ పని, కేసులు దర్యాప్తు చేయరు. బెటాలియన్లు రాష్ట్ర ప్రత్యేక పోలీసువి, నల్లగొండ దగ్గర అన్నెపర్తిలో 12వది, కృష్ణ ఒడ్డున బీచుపల్లిలో 10వది ఉన్నాయి. హోంగార్డులు రెగ్యులర్ కేడర్ కాదు, పని మాత్రం పోలీసులతో సమానంగా చేస్తారు. ఎక్సైజ్ పూర్తిగా వేరే శాఖ, గుడుంబా, కల్తీకల్లు వాళ్ళ పరిధి. అడవిలో చెట్టు, జంతువు కేసులు అటవీ శాఖవి. రైల్వే స్టేషన్‌లో బ్యాగు పోతే రైల్వే పోలీసు.

2016 తర్వాత మా ఊరు ఏ ఎస్పీ కిందికి వచ్చింది?

2016 అక్టోబరు 11న ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది, నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా అయింది. యాదాద్రి భువనగిరిని అప్పట్లో రాచకొండ కమిషనరేట్‌లో కలిపారు. కమిషనరేట్ల హద్దులు ప్రభుత్వ ఉత్తర్వుతో మారుతుంటాయి కాబట్టి హైదరాబాదు అంచు మండలాలవాళ్ళు స్టేషన్‌లోనే అడిగి తెలుసుకోవడం మేలు.

మా తమ్ముడు ముంబైలో మేస్త్రీ పనికి పోయాడు, అక్కడ కొట్టి కూలి డబ్బులు గుంజుకున్నారు. ఇక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. పాలమూరు వలస కుటుంబాలన్నీ తెలుసుకోవాల్సింది ఇది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. ఇక్కడ నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపుతారు. నోటితో చెప్పినా రాసుకోవాలి, చదివి వినిపించాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లోగా వచ్చి సంతకం చేయాలి. కేసు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు తెలియజేయాలి.

‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపితే అదే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది. పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరమని సమాచారం స్పష్టంగా చెబుతుంటే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో తేల్చి చెప్పింది. కొత్త చట్టం మాత్రం 3 నుంచి 7 ఏళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో, 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలిచ్చింది.

భూమి పంచాయితీ స్టేషన్‌లో తెంపించుకోవచ్చా?

మన జిల్లాల్లో ఠాణా గుమ్మం తొక్కే తగాదాల్లో భూమిదే పెద్ద వాటా అనిపిస్తుంది. గట్టు జరిపారని, బాట మూసేశారని, అన్నదమ్ముల పంపకం తేలలేదని. సివిల్ కోర్టులో ఏళ్ళు పడుతుంది, ఎస్సై పిలిచి గద్దిస్తే రెండు రోజుల్లో తేలుతుందని జనం ఆశ. ఆ ఆశ నాకు అర్థమవుతుంది. కానీ హక్కు ఎవరిదో తేల్చే అధికారం పోలీసుకు లేదు. స్టేషన్‌లో రాసుకున్న ఒప్పందానికి కోర్టు డిక్రీ విలువ రాదు, బలమున్నవాడు రేపు దాన్ని చించేస్తే మళ్ళీ మొదటికే వస్తారు. ఇంకా ప్రమాదం ఏంటంటే, ఈ అలవాటు ఎస్సైని పాతకాలపు పోలీసు పటేల్ స్థానంలో కూర్చోబెడుతుంది.

పోలీసు చేయాల్సింది, చేయగలిగింది వేరే ఉంది. కొట్టినా, బెదిరించినా, పంట తగలబెట్టినా, దొంగ సంతకంతో రిజిస్ట్రేషన్ చేయించినా అది నేరం, కేసు కట్టాలి. స్వాధీనం మీద కొట్లాటయ్యే పరిస్థితి ఉంటే పోలీసు నివేదిక మీద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు (ఆర్డీవో, తహసీల్దారు లాంటి రెవెన్యూ అధికారి) తాత్కాలికంగా ఉత్తర్వు ఇస్తారు. హక్కు మాత్రం కోర్టులోనే. దరఖాస్తు రాసేటప్పుడు నేరం భాగాన్ని వేరుగా, తేదీతో, సాక్షులతో రాయండి. ‘నా భూమి నాకు ఇప్పించండి’ అని రాస్తే ‘సివిల్ మ్యాటర్’ అని పక్కన పెట్టడం వాళ్ళకు తేలికవుతుంది.

ఆడవాళ్ళను, ముసలివాళ్ళను విచారణకు స్టేషన్‌కు రమ్మనవచ్చా?

సాక్షిగా విచారించాలంటే స్త్రీలను, 60 ఏళ్ళు దాటినవాళ్ళను, 15 ఏళ్ళలోపు పిల్లలను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళను వాళ్ళ ఇంటి దగ్గరే విచారించాలి. తామే స్టేషన్‌కు వస్తామంటే రావచ్చు. స్త్రీని పొద్దుగూకాక, తెల్లవారకముందు అరెస్టు చేయకూడదు, తప్పనిసరైతే మహిళా అధికారి మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. ఎవరిని అరెస్టు చేసినా ఇంటివాళ్ళకు కబురు చేయాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి.

జాతరలప్పుడు ఇన్ని వందల మంది పోలీసులు ఎక్కడి నుంచి వస్తారు?

పక్క స్టేషన్లు, పక్క జిల్లాలు, ఏఆర్, బెటాలియన్లు, హోంగార్డులు, అందరినీ కలిపి ఎస్పీ ఒక బందోబస్తు పథకం వేస్తారు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్ళకోసారి వస్తుంది, గట్టు పక్కనే 65వ నంబరు జాతీయ రహదారి. అందుకే విజయవాడ పోయే బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే నల్లగొండ, మిర్యాలగూడ వైపు మళ్ళించడం జరుగుతుంటుంది. చెరువుగట్టు, కురుమూర్తి జాతరల్లో కొండ మెట్ల మీద తోపులాట, కోనేరు దగ్గర కాపలా ముఖ్యం. నల్లమలలో సలేశ్వరం వేరే కథ. అది పులుల అభయారణ్యం, దారి ఇరుకు, చైత్ర పౌర్ణమి ఎండ. అక్కడ పోలీసు, అటవీ శాఖ చేయి చేయి కలిపితేనే పని. ఎండలో ఒకే చోట రోజంతా నిలబడే కానిస్టేబుల్‌కు నీళ్ళ సీసా ఇచ్చే భక్తులను అన్ని జాతరల్లోనూ చూస్తాం, అది నాకు ఎంతో ఇష్టమైన దృశ్యం.

మన జిల్లాల్లో అమరులైన పోలీసులు ఎవరు?

నల్లమల చుట్టూ నక్సలైట్ల కాలంలో రెండు వైపులా చాలా ప్రాణాలు పోయాయి. 1993లో మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు సోమశిల దగ్గర మందుపాతరకు బలయ్యారు. 2015 ఏప్రిల్ 1 రాత్రి సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసుల మీద కాల్పులు జరిగి ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. ఆ దుండగులనే వెంటాడుతూ 4వ తేదీన జానకిపురం దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో మరో కానిస్టేబుల్ నేలకొరిగాడు, తీవ్రంగా గాయపడ్డ ఎస్సై సిద్ధయ్య 7న ఆస్పత్రిలో కన్నుమూశారు. ప్రతి ఏటా అక్టోబరు 21న జిల్లా పరేడ్ మైదానాల్లో వీళ్ళ పేర్లు చదువుతారు.

సైబర్ మోసం జరిగితే స్టేషన్‌కు పోవాలా?

ముందు 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాలు మారకముందే ఆపడానికి మొదటి గంటే కీలకం. స్టేషన్ తర్వాత. మిగతా అత్యవసరాలకు 100 లేదా 112. ఆడవాళ్ళ మీద వేధింపులకు జిల్లా షీ టీమ్, 2014లో హైదరాబాదులో మొదలై తర్వాత జిల్లాలకు వచ్చింది.

ఎస్పీని నేరుగా కలవొచ్చా?

కలవొచ్చు, ఎవరి సిఫార్సూ అక్కరలేదు. జిల్లా పోలీసు కార్యాలయాల్లో సాధారణంగా సోమవారం ఫిర్యాదులు తీసుకుంటారు. రెండు ప్రతులు తీసుకుపోండి, రెండో దాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. స్టేషన్‌లో ముందు ఇచ్చిన దరఖాస్తు నకలు ఉంటే జతచేయండి, ఏ తేదీన ఎవరికి ఇచ్చారో రాయండి. జరిగింది ఒక పేజీలో, వరుసగా, తెలుగులో రాస్తే చాలు. ఇంగ్లీషులో రాయించడానికి జిరాక్స్ షాపులో డబ్బులు పోయాల్సిన పని లేదు. నెల దాటినా కబురు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో ‘నా దరఖాస్తుపై తీసుకున్న చర్య ఏమిటి’ అని అడగండి. దర్యాప్తు వివరాలు కొన్ని ఇవ్వకపోవచ్చు గానీ, దరఖాస్తు ఏ అధికారి దగ్గర ఉందో చెప్పాలి.